కలం ఎత్తిన చోటు

మా సాఫ్ట్‌వేర్‌లో డెబ్బై రకాల నమూనాలు తయారుగా ఉంటాయి.
ఇటుక, కాంక్రీటు, కంకర, గడ్డి,
చివరికి చిత్తడి నేల కూడా.
గ్యుమ్రీ నల్లరాయి మాత్రం లేదు.
"దగ్గర్లో ఉన్నదేదో నింపెయ్, అరెవ్‌హత్" అన్నాడు వర్ద్‌గెస్.
నింపాను.
తెరమీద ఆ ఇల్లు
అరువు చొక్కా తొడుక్కున్న పెళ్లికొడుకులా నిలబడింది.

టేపు పట్టుకుని వెళ్లాను. జనవరి.
పెన్నులో సిరా గడ్డకట్టింది, పెన్సిల్ తీశాను.
రాయి పొడవు ముప్ఫై ఎనిమిది, పక్కది నలభై మూడు,
ఆ పక్కది ముప్ఫై తొమ్మిది.
సగటు తీస్తే సరిగ్గా నలభై.
సగటు రాయి ఆ గోడలో ఒక్కటీ లేదు.

నమూనా చేయడమంటే బొమ్మ గీయడం కాదు,
నోట్‌ప్యాడ్ తెరిచి అంకెలు పేర్చడం.
ముందు ఒక నక్షత్రం గుర్తు, దాని పక్కన పేరు.
ఆ కింద: గీత ఏ కోణంలో, ఎక్కడ మొదలు,
పై వరుస ఎంత పక్కకి జరగాలి, ఎంత పైకెక్కాలి.
తర్వాత కలం లెక్క.
ధన సంఖ్య అయితే గీత.
రుణ సంఖ్య అయితే కలం ఎత్తి
అంత దూరం గాల్లో నడవాలి.
సున్న అయితే చుక్క.
బళ్లో ఎవరైనా ఇలా చెప్పి ఉంటే
నేను లెక్కల్లో తప్పేదాన్ని కాదు.

నిలువు సందులు ప్రాణం తోడేశాయి.
పై వరుస సందు, కింది రాయి నడిమధ్యకు రావాలి.
ఒక్క కామా జారిందా
గోడంతా మెట్లు మెట్లుగా ఒరిగిపోతుంది.
అలా ఒరిగిన గోడను చూసి తాతుల్ నవ్వాడు,
నిన్నగాక మొన్న చేరిన కుర్రాడు.
వర్ద్‌గెస్ నవ్వలేదు. కిటికీ దగ్గరికెళ్లి
కాఫీ చల్లారేదాకా అక్కడే ఉన్నాడు.
ఒరిగిన గోడ అతని వయసువాళ్లకి ఈ ఊళ్లో సరదా కాదు.
నేను కామా సరిచేశాను.

ఇంకో చిక్కు.
తలుపుకు ఎడమవైపు, మోకాలి ఎత్తున,
అన్ని నల్లరాళ్ల మధ్య ఒక్క ఎర్రరాయి.
మా కాగితం మీద రంగులుండవు, ఎరుపంటే చుక్కలు.
సున్న, రుణం రెండు, సున్న, రుణం రెండు,
నిజాయితీ కొద్దీ దాన్నీ నమూనాలో కలిపాను.
మీట నొక్కగానే
గోడనిండా చుక్కల రాళ్లు,
నూట ఇరవై సెంటీమీటర్లకొకటి,
తట్టు పోసినట్టు.
నమూనాకు 'ఒక్కసారే' అన్న మాట తెలియదు.
దానికి ఏది చెప్పినా ఎప్పటికీ చెప్పినట్టే.

మళ్లీ వెళ్లి ఇంటావిడ నూనూఫర్‌ను అడిగాను.
మొక్కో, ప్రేమో, ఎవరి గుర్తో ఉంటుందనుకున్నాను.
ఆవిడ నా దోసిట్లో ఎండు ఆప్రికాట్లు పోసి
"ఆ రోజు బండి రాలేదట" అంది.
నల్లరాయి అయిపోయింది. పొద్దు వాలుతోంది.
మేస్త్రీ చేతికందింది పెట్టేశాడు.
ఆ ఒక్క రాయికీ కూలి కోస్తానన్నాడట ఆవిడ మామగారు.
"సరే, ఊడపీకుతాను,
పైవాటిని నువ్వు మోస్తూ నిలబడు" అన్నాడట మేస్త్రీ.
రాయి ఉండిపోయింది. కూలీ ముట్టింది.

ఆఫీసుకొచ్చి చుక్కలన్నీ తీసేశాను.
నల్ల నమూనాలో ఒకచోట చిల్లు పెట్టి
ఆ రాయిని విడిగా గీశాను,
నాలుగు గీతలు, విరిగిన మూలతో సహా.
బాణం వేసి రాశాను: పొరపాటు కాదు, మార్చవద్దు.
మొదటిసారి ప్రింటు తీస్తే స్కేలు తప్పి
గోడ మొత్తం ఒకే మసిమరక.
రెండోసారి రాళ్లు విడివిడిగా వచ్చాయి.
వర్ద్‌గెస్ కాగితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు,
వేలు ఆ బాణం దగ్గర ఆగింది.
ఏమీ అనలేదు. సంతకం పెట్టాడు.

ఫైలు మూసేముందు ఒక నియమం ఉంది.
చివరి అంకె తర్వాత ఎంటర్ నొక్కి
ఒక వరుస ఖాళీగా వదలాలి,
లేకపోతే యంత్రం చివరి గీతను చదవదు.
ఎందుకని అడిగాడు తాతుల్.
మా ఆఫీసులో ఎవరికీ తెలియదు.
ఆ ప్రోగ్రాం రాసినవాళ్లకీ
ఆ రోజు బండి రాలేదేమో.