వదులు కట్టు

ఆటోనగర్‌లో మా షెడ్డు ముందు
విప్పేసిన లారీ ఛాసిస్ మీంచి దూకింది కెజియా.
ఎనిమిదేళ్ళు.
పై వరసలో ముందు పన్ను మొన్న మొన్ననే దిగింది,
అంచు ఇంకా రంపంలాగే ఉంది.
అది పోయి వెల్డింగు చిట్టెంలో పడింది.

తీసి ప్యాంటుకేసి తుడవబోయాను.
"వేరు ముట్టుకోకన్నా! తెల్లటి వైపు పట్టుకో!"
టీకొట్టు జాన్‌బీ అరుస్తూ వచ్చి
కాయని పాల ప్యాకెట్టు పంటితో చించి గ్లాసులో పోసింది.
వాళ్ళ తమ్ముడికి ఇలాగే అయితే ఎవరో చెప్పారట.
ఆ గ్లాసు పట్టుకుని పిల్ల బండి వెనక కూర్చుంది.
నోట్లో నెత్తురు, చేతిలో పాలు.
పటమట దాకా ఒక్క చుక్క ఒలకలేదు.

డాక్టరు పరిమళ గారు పన్నుని దాని గుంటలోకి
మెల్లగా నొక్కి
పక్క పళ్ళతో కలిపి నైలాన్ దారం అంటించారు,
గాలానికి కట్టే దారం లాంటిది.
వేలు పెడితే కదిలింది.
"బిగించలేదేంటమ్మా?"
పాతికేళ్ళుగా నేను చేసే పని అదొక్కటే, బిగించడం.
"కొంచెం కదలాలి. కదలకపోతే ఎముకకి అతుక్కుపోతుంది.
రెండు వారాలే ఈ కట్టు."

ఎక్స్‌రే వెలుతురుకి పట్టి చూపించారు.
వేరు చివర మూసుకోలేదు,
గరాటు మూతిలా తెరిచే ఉంది.
"అదే మన అదృష్టం. మీ పన్నయితే
అక్కడ సూదిమొనంత దారి.
దీంట్లోకి నెత్తురు మళ్ళీ ఎక్కొచ్చు.
ఎక్కుతుందని మాత్రం చెప్పను."
ఎక్కకపోతే?
"అప్పుడు చూద్దాం."

నెల తిరిగాక చల్లమందులో దూది ముంచి ఆనించారు.
పక్క పన్నుకి ఉలిక్కిపడింది.
దీనికి కన్ను కూడా ఆర్పలేదు.
రెండో నెలా అంతే.
పైగా పన్ను తడిసిన సిమెంటు రంగుకి తిరిగింది.
బళ్ళో ఎవడో బొగ్గుపన్ను అన్నాడు.
చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వడం నేర్చుకుంది నా కూతురు.

"పోయిన పార్టుని బండిలో ఉంచం మేము,
తీసేయండమ్మా" అన్నాను.
ఆవిడ అద్దం పిడితో పన్ను మీద తట్టారు.
ఆ పని నాకు తెలుసు.
కమాను కట్టని సుత్తితో కొట్టి వింటాను,
ఖంగుమంటే మంచిది, బొంగురు పోతే బీట.
"ఇక్కడ తిరగేసుకోండి" అన్నారు.
"ఖంగుమంటే ఎముకకి అతికినట్టు.
మెత్తగా పలకాలి."
మెత్తగానే పలికింది.
"వాపు లేదు, చీము లేదు, వేరు దగ్గర నల్లమచ్చ లేదు.
నెత్తురు ముందొస్తుంది, నరం వెనకొస్తుంది.
జవాబు చెప్పనంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు.
తొందరపడి తవ్వకూడదు."

ఆ రాత్రి పిల్ల నోరు తెరుచుకుని పడుకుంటే
ఫోను లైటేసి చూశాను.
బందరు కాలవకి నీళ్ళొదిలిన రోజు
ముందు నీళ్ళు కనపడవు.
పగిలిన బురద రంగు మారుతుంది, అంతే.
అలాంటిదేదైనా ఉందేమోనని
చాలాసేపు చూశాను.

రోహిణి ఎండల్లో పుల్లైసు కొనిపెట్టాను.
కొరికి, పుల్ల కింద పడేసి, మూతి పట్టుకుంది.
"నాన్నా! జిల్లుమంది!"
ఏ పన్నే? ఏ పన్ను?
కళ్ళనీళ్ళతో నాలిక అక్కడే పెట్టి చూపించింది.
బిడ్డ ఏడుస్తుంటే పగలబడి నవ్వే తండ్రిని చూసి
ఐసుబండి అతను ఏమనుకున్నాడో.

ఫోను చేస్తే పరిమళ గారు నవ్వలేదు.
"పక్కది కూడా కావచ్చు. ఆరో నెలకి రండి."
బూడిద రంగు మాత్రం విరిగింది.
ఇప్పుడు కాస్త పసుపు.
లోపలి గది ఇరుకవుతుంటే అలా వస్తుందట,
గోడలు తనే మందం చేసుకుంటుందట,
మానడమంటే మునుపటిలా అవడం కాదట.

రేపే ఆరో నెల.
మళ్ళీ దూది, మళ్ళీ చల్లమందు.
నాకేం కావాలో పిల్లకి చెప్పలేదు.
చెబితే నాకోసం
ఉత్తినే ఉలిక్కిపడుతుంది.