తోడు

కియామాలో ఆటు వేళ నల్లరాళ్ళ సందుల్లోంచి
ఎర్ర నాచు కోసుకొస్తుంది మెరిన్ టోల్‌హర్స్ట్,
చేపలకని కొనుక్కున్న ఐస్ పెట్టెలో.
"ఎండ్రకాయలు కూడా ముట్టవు దీన్ని" అంటుంది
మోకాలు పట్టుకుని మెట్లెక్కుతూ.
ముట్టవు మరి.
పారిపోవడానికి కాళ్ళు లేవు, పొడవడానికి ముళ్ళు లేవు,
ఒంట్లో బ్రోమిన్ దాచుకుంది.

ఆ చేదుని స్పిరిట్‌లోకి దింపి, స్పిరిట్‌ని ఆవిరికి వదిలేసి,
అడుగున మిగిలినదాన్ని తూచాను.
మూడు బకెట్ల నాచుకి
నలభై మిల్లీగ్రాములు.
గోరు మీద పడుతుంది.

దీన్ని మార్చాలి.
అణువులో ఒక మూల, ఒకే చోట,
తక్కినదేదీ బెసకకుండా.
ఆమ్లం పోసి చూశాను. పాలలో నిమ్మకాయ పిండినట్టే,
ముక్కలు ముక్కలు.
పాలు విరక్కుండా మారాలంటే ఏం చెయ్యాలో
మా పెద్దమ్మకి తెలుసు. గోరువెచ్చన. చుక్కంటే చుక్కే.
ఆనక కదపకూడదు.

ఇక్కడ కదుపుతాం. నిమిషానికి నూటయాభై చుట్లు,
సముద్రపు నీళ్ళు, కాస్త చక్కెర,
ఎక్కడెక్కడి సముద్రాల నుంచో డబ్బులిచ్చి తెప్పించిన బ్యాక్టీరియా.
పదకొండు రకాలు.
పదకొండు సార్లూ సిలికా పలక మీద
అదే ఊదా చుక్క, అదే ఎత్తున,
ఏమీ ఎరగనట్టు.

పన్నెండోది కొన్నది కాదు.
నాచుని మొదటిసారి కడిగినప్పుడు
తొట్లో పారబోయబోయిన జిగట నీళ్ళు.
విసుగుతో ఒక గీత గీశాను పళ్ళెం మీద. పసుపుపచ్చగా మొలిచింది.
ఆ నాచు చర్మం మీదే కాపురం,
ఎన్ని తరాలుగానో ఆ చేదు పక్కనే నిద్ర.

ఈస్టర్ సెలవుల్లో కరెంటు పోయింది.
మంగళవారం వచ్చి చూస్తే షేకర్ ఆగిపోయి ఉంది,
ఎప్పటినుంచో తెలీదు.
సీసా మసకబారి, అడుగున తరక.
పారబోద్దామనుకునే తీశాను.

పలకని వేడి చేస్తే
పైన ఊదా చుక్క, పలచబడి.
దాని కింద, బాగా కిందకి,
నీలంగా ఇంకొకటి.

ఒక్క ఆక్సిజన్ ఎక్కువ.
నీళ్ళంటే రవ్వంత మమకారం ఎక్కువ.
అంతే తేడా. కుర్చీలో కూర్చుండిపోయాను.

"ఏ జబ్బుకి?" అంది మెరిన్.
ఏ జబ్బుకీ కాదు, ఇప్పటికి.
కణాల మీద వేసి చూశాం. చంపలేదు, కాపాడలేదు.
"పోనీ ఎండ్రకాయకి పెట్టి చూడు, తింటుందేమో."
ఉన్నవి మూడు మిల్లీగ్రాములు. నవ్వాను గానీ
రాత్రంతా ఆ ఎండ్రకాయే కళ్ళముందు,
ఒక కాలు ముందుకేసి, ఆగి.

పసుపుపచ్చ దానికి ఇంకా పేరు లేదు.
నంబరు రాయాల్సిన చోట తెలుగులో 'తోడు' అని రాసి,
గ్లిసరాల్ కలిపి, చెంచాడు
ఎనభై డిగ్రీల చలిలో దాచాను,
రేపటి పాలకి.