కోటు రిపేరు

రాచర్ల గేటు కాడ నా కొట్టుకి
ఆగస్టు పదమూడు మధ్యాన్నం
గొడుగు మూసి, దులిపి, బయటే ఆనించి
లోపలికొచ్చాడు దేవదానం.
ఇంటి గోడ మీద ఆనరరీ కెప్టెన్ అని రాయించుకున్న మనిషి.
చేతి మీద కోటు, చంకలో బిస్కెట్ల డబ్బా.

మూత తీస్తే పాత గుడ్డలో ఏడు బిళ్లలు.
వెండి కాదు. పట్టుకుంటే తెలిసిపోద్ది నాకు,
మా అమ్మ కడియాలు అమ్మింది నేనే.

"వరస తప్పకూడదు ఖాసిం పీరా" అని
నేను కొలతలు రాసుకునే మార్కాపురం పలక లాక్కుని
బలపంతో ఒకటి నుంచి ఏడు వేశాడు.
ఆ పలకరాయి వాళ్ల నాయన పగలగొట్టిందే కావచ్చు.
గనిలో దుమ్ము మింగి నలభై రెండుకే పోయాడాయన.

రిబ్బన్లు కుడతా అడిగా, ఇదెందుకిచ్చారు?
"మంచుకి."
ఇది?
"తొమ్మిదేళ్లు ఉన్నందుకు."
మరి ఇది?
"ఆ ఏడు ఉన్నోళ్లందరికీ ఇచ్చారు, వంటోడిక్కూడా."
మరి కాల్చినందుకు?
నవ్వాడు. "దానికి టీ ఇస్తారు."

సిపాయి, నాయక్, హవల్దార్, సుబేదార్
మెట్లెక్కినట్టేనా సార్ అంటే
"కాదు పీరా, చింతచెట్టు ఎక్కినట్టు.
కొమ్మ గట్టిదో కాదో కాలు పెట్టినాకే తెలిసేది.
ఆఫీసర్ల మెస్సులో మొదటి రాత్రి
నాకు వడ్డించినోడు గుంటూరు సెలక్షన్‌లో
నా పక్కన పరిగెత్తినోడు.
సార్ అన్నాడు. ముద్ద దిగలా."

డబ్బా అడుగు కాగితం ఎత్తి
ఇంకోటి తీశాడు అప్పుడు.
రెండు చారల గుడ్డముక్క, నాయక్‌ది, వెలిసిపోయింది.
"ఇది లోపల కుట్టు. లైనింగు కింద. ఎడమ పక్క."
కనపడదు గదా సార్.
"కనపడగూడదు."

వెలుతురుకి పట్టి చూశా.
అంచున రెండు వరసల బెజ్జాలు.
ఒకటి సన్నం, మిషను కుట్టు.
రెండోది ఎడం ఎడంగా, చేతి కుట్టు,
నల్లదారం ముక్క ఇంకా ఇరుక్కునే ఉంది.
మూల చిరిగి ఉంది.
నా పనిలో ఉన్నోడికి ఇది పేపరు చదివినట్టే:
ఒకసారి కుట్టారు. పీకారు, బ్లేడుతో కాదు, చేత్తో.
మళ్లా ఎవరో, తనే అయ్యుంటాడు, కూర్చుని కుట్టుకున్నాడు.

తలెత్తా.
"లీవు అయిపోయినాక పదకొండు రోజులు ఉండిపోయా.
అమ్మ మట్టికి."
కాసేపాగి, "నాలుగేళ్లు పట్టింది మళ్లా రావడానికి."
బయట కంభం బస్సోడు హారను కొడతానే ఉన్నాడు.

పాత బెజ్జాల్లోంచే సూది పోనిచ్చా.
కొత్తది ఒక్కటి పొడవలా.

డబ్బులొద్దన్నా. వినలా.
కత్తెర కింద నూట ఇరవై పెట్టి రసీదు అడిగాడు.
ఏం రాయాలి?
పెన్ను పట్టుకుని శానాసేపు కూర్చున్నా.
"కోటు రిపేరు, ఒకటి" అని రాసిచ్చా.
కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి
తేదీ వెయ్యలేదని వెనక్కిచ్చాడు.