మొదలు తలుపు ఊడదీయాలె

గిర్మాజీపేటల ఇంటాయన అన్నడు:
"లోపల్నే గీకరాదు? బయట మే నెల ఎండ.
కూలరు వెడ్త, చాయ్ పంపిస్త."
నేను స్క్రూడ్రైవర్ తీసి
కబ్జాలు విప్పుడు షురూ చేసిన.

పొగైతే పైకి పోతది, కండ్లకు కనవడ్తది.
ఈ డబ్బల మందు ఆవిరి అట్ల గాదు,
పిల్లిలెక్క నేలకు దిగుతది,
మూలకు ముడుసుకొని కూసుంటది.
గీకుదామని వంగంగనే
ముక్కుకాడికొస్తది.

కొంరెల్లి నాకు ఎరుక.
మట్టెవాడల ఒక దుకాణంల
పాత బీరువ రంగు తీస్తుండె.
వాన కొడ్తుందని సగం షట్టరు దించిండు,
జల్లు ఆగలేదని మిగిలిన సగం గూడ.
నేను బ్రష్షులు వట్టుకపోయి ఎత్తేసరికి
గోడకు ఒరిగి కూసున్నడు,
గీకుడుపట్టీ చేతిలనే ఉన్నది.
తియ్యటి వాసన ఒకటి
నాకంటె ముందు గడప దాటింది.

జామచెట్టు నీడకు
రెండు స్టూళ్ళ మీద తలుపును వండవెట్టిన.
గాలి పక్కపొంటి పోవాలె,
మొఖం మీదికి కొట్టద్దు.
డబ్బ ఎండకు ఉబ్బి ఉంటది;
మూత మీద బట్టేసి
కోపానున్న మనిషితోని మాట్లాడినంత మెల్లగ
తిప్పాలె.
చికెన్ దుకాణపోల్లు తొడుక్కునే గ్లౌజులు
రెండు నిమిషాలల్ల జిగురైతయి,
నా బొటనేలు మీది మచ్చనడుగుండ్రి.
మూతికి కట్టిన తువ్వాల ధైర్యానికే,
అడ్డానికి గాదు.
సాయిలు కొత్తగ పనికొచ్చిండు.
వాని అగ్గిపెట్టె, బీడీలకట్ట
అవతలి గోడ మీద వెట్టిచ్చిన, మూతి ముడిసిండు.

ముందుగాల ఆకుపచ్చ పొక్కింది
పెనం మీది రొట్టెలెక్క.
దానికింద నీలం.
దానికింద ఏ పెండ్లికి వేసిండ్రో, గులాబి.
పాత రంగుల సీసం ఉంటదట,
పొడిగ గీకితె దుమ్మై లేస్తది,
తడి మీదనే తీసి కాయిదంల చుట్టినం.
అన్నిటికింద టేకు,
టేకు మీద వడ్లాయన ఉలి గుర్తు:
మూడు గీతలు, ఒక అడ్డగీత.
ఎవల లెక్కనో, తప్పిందో సరివోయిందో.

ఇంటాయన గడపల నిలవడ్డడు.
తలుపులేని ఇల్లు,
లోపల క్యాలెండరు కొట్టుకుంటున్నది.
"దొంగలొస్తె?" అన్నడు నవ్వుకుంట.
"పొద్దుమీకితె వెడ్త సారూ" అన్న.
చెయ్యి పట్టేంత సందు
ఆ షట్టరు కింద ఉన్నా
అనుకున్న, అనలేదు.

చాయ్ వచ్చింది.
"సాయిలూ, గ్లాసు ముట్టకు,
మొదలు సబ్బువెట్టి చేతులు కడుగు.
ఇంకోసారి కడుగు."