లోడు

ఫ్యాక్టరీ సైరన్ కూసినాక
మిద్దె మీద బోర్లా పడుకుంటాను.
పక్కింటి రంగమ్మక్క మొదటిరోజు
ఎండదెబ్బ అనుకుని చెంబెడు మజ్జిగ తెచ్చింది.
ఇప్పుడు అలవాటైంది. ఆరిన బట్టలు తీసుకుని
నన్ను చుట్టుకుని పోతుంది.

లారీ మా చెల్లెలి కొడుకుది.
ఉరుసులో అరవై రూపాయలు.
సాయంత్రానికి ఒక శనగచిక్కీ బాడుగ,
చక్రం ఊడితే రెండు. ముందే మాట.

రోడ్డు నేనే వేస్తాను.
అంచు విరిగి పాలిషుకు పనికిరాని నల్లబండ ఒకటి
మేస్త్రి చూసీ చూడనట్టు ఇచ్చాడు.
రంపం కింద కారి ఎండిన బండపొడిని
టీ జల్లెడలో పోసి వేలితో తడితే
తాడిపత్రి దుమ్ము తాడిపత్రి దుమ్ములాగే దిగుతుంది.
అదే పొడి నా రొమ్ములోనూ ఉందని
డాక్టరు ఒకసారి ఎక్స్‌రే ఎత్తి చూపించాడు.
అదీ ఫొటోనే.
దాని లైటింగు బాగుంది.

ఫోను నేలకు ఆనాలి.
నిలబడి తీస్తే బొమ్మ బొమ్మే.
చెంప బండకు తగిలేంత దిగితేనే
బంపరు పైకి లేస్తుంది,
వెనక నీళ్ల ట్యాంకు కొండవుతుంది.
ఆరుంపావు నుంచి ఆరున్నర దాకా
సూర్యుడు పక్కనుంచి వస్తాడు,
జీతం లేని పదిహేను నిమిషాల డ్యూటీ.
సగం కాలిన ఊదుబత్తి వెనక గుచ్చితే
సైలెన్సరు పొగ.
వాన కూడా కురిపించవచ్చు, పిచికారీ ఉంది,
కానీ మా జిల్లాలో వాన పడిందంటే
ఫొటో అబద్ధమని ఇట్టే పట్టేస్తారు.

చీమ వస్తే అంతే.
క్యాబిను మీద ఎనుబోతంత చీమ,
వారం రోజుల కష్టం ఒక్క అడుగులో కూలుతుంది.
దూరంగా చక్కెర పోసి లంచమిచ్చాను.
మంచివి. తీసుకున్నాయి.

నాలుగు నెలలకు ఒక ఫొటో కుదిరింది.
టీ అంగట్లో ఖాజాపీరుకు చూపించాను.
ముప్పై ఏండ్లు బండల లారీ తోలినవాడు,
నాగపూరు దాకా ఏ డాబాలో పప్పు పలుచనో చెప్పగలడు.
అద్దాలు నుదుటికెత్తి, ఫోను దూరంగా పట్టి,
"ఎవురిదప్పా బండి?" అన్నాడు.
నా గుండె గేరు మారింది.

గ్లాసు కింద పెట్టి మళ్లీ చూశాడు.
"ఖాళీ బండి గదా ఇది."
"ఖాళీ ఏంది, ఎనిమిది వరసల బండలుంటే!"
"కమాన్లు నిక్కబొడ్చుకోని ఉండాయి.
లోడెత్తిన బండి ఎనక కూర్చుంటాది,
టైరుకు పొట్టొస్తాది.
మోసేది మూతిలో తెలీదప్పా,
నడుములో తెలుస్తాది."
పోతా పోతా తన నడుం మీద చెయ్యేసుకున్నాడు,
చూపించడానికి కాదు,
లేవడానికి.

ఆ రాత్రి మూడు చిక్కీలు కట్టి
వెనక ఇరుసు కింది పీట అరగదీశాను.
టైర్లను కొవ్వొత్తి సెగకు చూపి వేలితో అణిచాను.
నల్లరంగు పూసిన అట్టముక్కలు పారేసి
నిజం రాయి పేర్చాను, గోరంత గోరంత ముక్కలు,
పగలంతా నేను కోసే రాయే.
షిఫ్టు దిగిన మనిషి అరుగు మీద కూలబడినట్టు
లారీ కూర్చుంది.

మరుసటి ఆదివారం ఖాజాపీరు
చాలాసేపు మాట్లాడలేదు.
రెండు వేళ్లతో ఫొటో సాగదీసి
టైరు చూశాడు, కమాను చూశాడు,
దుమ్ము పట్టిన ముందద్దం దగ్గర ఆగాడు.
అద్దం వెనక సీట్లో
తల అనుకుని ఒక మిరియపు గింజ అంటించాను.
జిగురు ఆరక కాస్త పక్కకు ఒరిగింది.

టీ చల్లారిపోయింది.
"ఓబులేసూ," అన్నాడు మెల్లగా,
"ఆ పిల్లోడు కునుకు తీస్తాండాడు.
గుత్తి మలుపు రాకముందే
ఎవురన్నా పలకరియ్యండప్పా వాన్ని."