రెండు ఫర్లాంగులు

ముప్పైరెండేండ్లు ఎద్దులకు టైం పెట్టినోణ్ణి.
బండలాగుడు యాడ జరిగినా
తాడిపత్రిలో నేనూ నా గడియారమూ బస్సెక్కేటోళ్ళం.
కొమ్ములకు రంగేసినా, మెడకు గంటలు కట్టినా
నేను సూసేది మోకు ఒకటే.
అది బిగుసుకున్న క్షణంలో నా బొటనవేలు కదలాల.

అట్లాంటి నన్ను బావాజాన్ పిలిచినాడు,
కారుకు టైం పెట్టమని.

అది పాలిష్ ఫ్యాక్టరీ వెనక
రాతిబురద మీద పడి పడి ఎండి
పాడుబడిన గోడ లెక్క పండుకోనుండె.
ఎవురో గనుల ఇంజనీరు వదిలేసి పోయినాడంట.
ప్లిమత్ బారకూడా, డెబ్బయ్యో సంవత్సరంది.
బారకూడా అంటే సముద్రంలో చేపంట.
పెన్నలో ఇసుక లారీలు తప్ప ఏమీ ఈదని ఊర్లో
రెండెకరాల చీనీతోట అమ్మి
చేపను ఇంటికి తెచ్చుకున్నాడు మెకానిక్కు.

ఆపైన పదకొండేండ్లు.
కత్తెరతో కత్తిరించిన గాస్కెట్లు,
గుంతకల్లులో ఎవురికీ తెలీకుండా లేతు పట్టిచ్చిన బుష్షులు,
మెటడోర్ వ్యాను బ్రేకులు, ట్రాక్టరు ఎరుపు.
ఎనిమిది సిలిండర్లు, అంటే నాలుగు జతలు,
ఒకే కాడికి కట్టినట్ల.
ఏడు పలికేవి. ఎనిమిదోది అలిగేది.
అర్ధరాత్రి స్క్రూడ్రైవరు ఒక కొన ఇంజను మీద,
ఇంకో కొన చెవి మీద పెట్టుకోని
"ఏంది తల్లీ, ఏం కావాల నీకు?" అని అడుగుతాంటే
బిడ్డకు జరమొచ్చిందేమో అనుకున్నారంట పక్కింటోళ్ళు.

కొత్త బైపాసు ఇంకా లారీలకు వదల్లేదు.
తెల్లారుజామున తారు వాసన.
అమెరికాలో వాళ్ళు పావుమైలు పరిగెత్తిస్తారంట,
నా గొలుసుతో కొలిస్తే సరిగ్గా రెండు ఫర్లాంగులు.
వెనక చక్రాలు జారకుండా డిక్కీలో ఎనిమిది నాపరాళ్ళు.
పక్కన పోటీకి ఓబులేసు కొడుకు,
వాళ్ళ మామ దాచిన ఆరెక్స్ హండ్రెడ్ మీద.

ఆ కొసన ఎర్ర తువ్వాల కిందికి పడింది.
నా వేలు కదిలింది.

ముందు పొగ. పొగలో కారు లేదు.
బండి పిల్లోడు సన్నగా కూస్తా వచ్చేస్తాండాడు,
ఒక ఫర్లాంగు వానిదే.
అప్పుడు సప్పుడు వచ్చింది సామీ,
చెవుల్లోకి గాదు, అరికాళ్ళల్లోకి.
క్వారీలో తూటా పేలితే ఒగసారితో అయిపోతాది,
ఇది పేలతానే ఉండాది, పేలతానే దగ్గరికొస్తాండాది.
నాలుగు జతలూ ఒగే అడుగేసినాయి.
ఎనిమిదోది గూడా.
పిల్లోని చొక్కా గాలికి ఎగిరింది,
నా టోపీ ఎగిరింది,
గీత మీద సున్నం లేచి నా మీసాల మీద వాలింది.

గడియారం తీసుకోని కుడిపక్క కిటికీకి ఉరికినా.
లోపల ఎవురూ లేరు!
గుండె ఆగిపోయె.
"ఓబ్బా, ఈ పక్క!" అని నవ్వు.
దాని స్టీరింగు ఎడమపక్క, నాకేం తెలుసు.

పదైదు సెకండ్ల ఎనిమిది.
పుస్తకంలో పద్నాలుగుకు లోపలే అని రాసినారంట.
మిగిలిన రెండు సెకండ్లు యాడ పోయినాయని
బావాజాన్ వేళ్ళు మడుస్తా కూర్చున్నాడు:
పెట్రోల్లో కిరసనాయిలు ఒకటి తినింది,
రాళ్ళు అర తినినాయి,
"మిగిలింది నా పొట్ట" అన్నాడు.

నా పోటీల పుస్తకం తీసినా.
యజమాని: షేక్ బావాజాన్, తాడిపత్రి.
జత పేరు దగ్గర చేప అని రాసినా.
బండ బరువు దగ్గర పెన్ను ఆగింది.
శానాసేపు చూసి,
నాపరాళ్ళు ఎనిమిది, అని పెట్టినా.

ఎండెక్కినాక వాళ్ళింటామె హుస్సేన్‌బీ
ఉగ్గాని, బజ్జీలు తెచ్చి, కారు సుట్టూ ఒగసారి తిరిగి
"ఇంటికి పోనీకి పెట్రోలుందా?" అని అడిగింది.

అందరం నేల సూసినాం.

తోసినాం. ఆమె గూడా ఒక చెయ్యేసింది.
రాళ్ళు దించాలని ఎవురికీ తోచలేదు.
దానికి టైం పెట్టేది నేనే మర్చిపోతి.