తాళంచెవుల గుత్తి

ఏడు నెలల తర్వాత ఐవార్ ఓడ దిగి వచ్చాడు.
పార్ను రేవులో ఇంకా మంచు పెచ్చులు.
బూట్లు విప్పకుండానే లాప్‌టాప్ మూత తీశాడు,
దుమ్ము మీద వేలితో ఒక గీత గీసి
"అప్‌డేట్ చెయ్యనా, అక్కా?" అన్నాడు
అలిగిన మనిషిని పలకరించబోతున్నట్టు.

వాడిది ఆర్చ్.
అక్కడ వండింది వండినట్టే వడ్డన.
వేళ లేదు, వర్జ్యం లేదు.
పొద్దున కెర్నెల్, మధ్యాహ్నం రెండు ఫాంట్లు,
మనం నిద్రపోయాక ఇంకేదో.
రోజూ పంక్తిలో కూర్చునేవాడికి పండగే.
ఏడు నెలలు పస్తున్నవాడికి?

నాది టంబుల్‌వీడ్.
న్యూరెంబర్గ్‌లో ఏవో యంత్రాలు నాకంటే ముందు
దాన్ని బూట్ చేసి, విండోలు తెరిచి మూసి,
నొక్కాల్సినవన్నీ నొక్కి చూస్తాయట.
నిలబడితే, ఆ పూటది మొత్తం ఒకే మూటగా కట్టి వదులుతారు.
వారంలో ఐదు మూటలు రావచ్చు, ఒకటీ రాకపోవచ్చు.
రాని వారం నేను గొణగను.
రుచి చూసేవాళ్ళకి ఎక్కడో నోరు కాలి ఉంటుంది.

కింది వాటాలో హెల్డూర్ తాతది సోలస్.
శుక్రవారం. అంతే.
పెరట్లో ఆవిరిగది పొయ్యి రాజేసి
కట్టె అంటుకునేలోగా అప్‌డేట్ నొక్కుతాడు.
"వారానికోసారి ఒళ్ళు రుద్దుకుంటే చాలదూ?"

ఆయన మనవరాలు మారిత్‌ది మంజారో.
అదీ ఐవార్ వాళ్ళ వంటే,
కాకపోతే కొన్ని వారాలు పక్కన పెట్టి చూసి గానీ తియ్యరు.
"ఊరగాయ తింటున్నావా ఇంకా?" అని
వీడు ఆ పిల్లని ఏడిపించేవాడు.

తెర మీద అంకె:
వెయ్యిన్నీ తొమ్మిదివందల పన్నెండు ప్యాకేజీలు.
సరే అన్నాడు.
దిగాయి, దిగాయి, టీ చల్లారింది.
చివరికి ఒకటే మాట, వరస వరసనా:
ఈ సంతకాన్ని నమ్మలేను.
ఈ సంతకాన్ని నమ్మలేను.

ఫైళ్ళు మంచివే. సంతకాలూ నిజమైనవే.
వీడు నీళ్ళ మీద ఉన్న నెలల్లో
సంతకాలు పెట్టేవాళ్ళు కొందరు తప్పుకున్నారు,
కొందరు కొత్తగా చేరారు,
కొందరు తీరిన గడువు మళ్ళీ రాయించుకున్నారు.
యంత్రానికి పాత ముఖాలే తెలుసు.

"ముందు గుత్తి మార్చాలి,"
గుమ్మంలోంచి ఎవరో అన్నారు,
"కొత్త తాళంచెవులు వచ్చాకే తక్కినవి."

ఐవార్ తల తిప్పాడు.
ఈ పొడుగాటి పిల్ల ఎవరా అని, ఒక్క క్షణం,
పెదవుల మీద పేరు కోసం తడుముకున్నాడు.
"ఊరగాయ," అంది మారిత్, నవ్వకుండా.

నవంబరులో వీధి తలుపు తాళం మార్పించాం.
ఓడకి కబురు పెట్టడం నాకు తట్టలేదు.
ఇందాక నేను దిగి తలుపు తీసేలోగా
పాత చెవితో దాన్ని ఎంతసేపు బతిమాలాడో
వాడు చెప్పలేదు.

కొత్తది బల్ల మీద పెట్టాను, చక్కెర డబ్బా పక్కన.
చూశాడు. ఇంకా తీసుకోలేదు.
గుత్తి దిగుతోంది, నూటికి నలభై.